ఇంటర్న్‌షిప్‌కి హైదరాబాద్: హాస్టలా, ఫ్లాటా, మేనత్త ఇల్లా?

మా పిన్ని కూతురు కాకినాడలో బీటెక్ చదువుతోంది. ఆమధ్య ఒక రాత్రి పదింటికి ఫోన్ చేసి, "అక్కా, ఆఫర్ వచ్చింది, ఎండాకాలం రెండు నెలలు హైదరాబాద్‌లో" అంది. సంతోషం చెప్పుకోవడం రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత ముప్పావుగంట ఒకటే గొడవ, ఎక్కడ ఉండాలని. వాళ్ల నాన్నేమో దిల్‌సుఖ్‌నగర్‌లో మేనత్త ఉండగా హాస్టలేంటి అంటున్నారట. ఫ్రెండ్సేమో నలుగురం కలిసి ఫ్లాట్ తీసుకుందాం అంటున్నారట. ఇది చాలదన్నట్టు ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో కో-లివింగ్ అని ఓ అద్దాల మేడ చూపించారు.

అంతకు ముందు మా బాబాయి కొడుకు కూడా ఇదే అడిగాడు. వాడికి చివరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్పే, జనవరి నుంచి ఆర్నెల్లు. ఇద్దరికీ నేను చెప్పింది ఒకటి కాదు. నేను బంధువుల ఇంట్లో మూడు వారాలు, ఎస్సార్ నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఐదు నెలలు, ఉద్యోగం వచ్చాక కొండాపూర్‌లో ఫ్లాట్‌లో రెండేళ్లు ఉన్నాను. ఈ మూడిట్లో నాకు బాగా తెలిసొచ్చింది ఒక్కటే. చేరేటప్పుడు అందరూ నెలకెంత అనే అడుగుతారు. ఖాళీ చేసేటప్పుడు ఎంత పోతుందని ఎవరూ అడగరు. ఇంటర్న్‌షిప్‌కి వచ్చినవాళ్లు వచ్చిన రోజు నుంచే వెళ్లిపోయే తేదీ తెలిసినవాళ్లు కాబట్టి, వాళ్లు మొదట అడగాల్సింది ఆ రెండో ప్రశ్నే.

ఆఫీసు ఏ మూల?

ఆఫర్ లెటర్‌లో "హైదరాబాద్" అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ ముక్క చూసి అమీర్‌పేటలో హాస్టల్ బుక్ చేసేస్తారు, ఎందుకంటే వాళ్ల సీనియర్ అమీర్‌పేటలో ఉన్నాడు. ఒక్క ఇన్ఫోసిస్‌నే తీసుకోండి, గచ్చిబౌలిలో ఒక క్యాంపస్, ఘట్‌కేసర్ దగ్గర పోచారంలో ఇంకొకటి. ఈ రెండిటికీ మధ్య ఊరు మొత్తం ఉంది. బీఫార్మసీ, బయోటెక్ వాళ్లకి ఆఫీసు జీనోమ్ వ్యాలీలో అంటే అది శామీర్‌పేట వైపు. వాళ్లు మాదాపూర్‌లో దిగితే రోజూ ఊరు దాటాలి. వాళ్లకి అల్వాల్, కొంపల్లి లాంటివి నయం.

కాబట్టి హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి. బిల్డింగ్ పేరు, ఆ పక్కన ఉన్న ల్యాండ్‌మార్క్, వారానికి ఎన్ని రోజులు రావాలి, టైమింగ్స్ ఏంటి. ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. వాళ్లకిది రోజూ వచ్చే ప్రశ్నే. షిఫ్ట్ మధ్యాహ్నం రెండింటి నుంచి అయితే, రాత్రి పదికి గేటు మూసే హాస్టల్ మీ లిస్టులోంచి అప్పుడే పోతుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక సంగతి. మెట్రో నీలం లైను నాగోల్ నుంచి రాయదుర్గం దాకా, ఎరుపు లైను మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా. రెండూ కలిసేది అమీర్‌పేటలో. ఆఫీసు హైటెక్ సిటీలో అయితే అమీర్‌పేట, ఎస్సార్ నగర్, యూసఫ్‌గూడ వైపు ఎక్కడున్నా బతికిపోతారు. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అయితే మాత్రం మెట్రోని నమ్ముకోకండి. రాయదుర్గంలో లైను ఆగిపోతుంది, అక్కడి నుంచి ఇంకో ఏడెనిమిది కిలోమీటర్లు బస్సో షేర్ ఆటోనో. పొద్దున తొమ్మిదింటికి ఆ ఏడెనిమిది కిలోమీటర్లకి పట్టే టైముని మ్యాప్‌లో రాత్రి పదకొండింటికి చూసి లెక్కేసుకోవద్దు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, గౌలిదొడ్డి వైపు హాస్టళ్లు బోలెడున్నాయి, అక్కడే చూసుకోండి.

కూకట్‌పల్లి విషయంలో చాలామంది బోల్తా పడతారు. అద్దె తక్కువ, మన గోదావరి జిల్లాలవాళ్లు ఎక్కువ, మెట్రో కూడా ఉంది కదా అనుకుంటారు. కూకట్‌పల్లిలోని కేపీహెచ్‌బీ కాలనీ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్లాలంటే ముందు అమీర్‌పేట దాకా వెళ్లి, రైలు మారి, మళ్లీ వెనక్కి రావాలి. ముక్కు ఏదంటే చెయ్యి తల చుట్టూ తిప్పి చూపించినట్టు. రోడ్డు మీద నేరుగా అయితే దగ్గరే, కానీ ఆ దారిలో ఉండే ట్రాఫిక్ సంగతి అక్కడున్న ఎవర్ని అడిగినా చెప్తారు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు చాలా చవక, అయితే హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ పక్కపక్కన ఉండవు. పేరొకటే కదా అని దిగిపోతే ఆటో ఎక్కాల్సిందే.

ఆడపిల్లలకి బస్సు గురించి కూడా చెప్పాలి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఫ్రీ. అది తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించినవాళ్లకి. కాకినాడ ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొడతాడు. మన ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి ఫ్రీ బస్సు పథకం కూడా అంతే, ఆంధ్రా అడ్రస్ ఉన్నవాళ్లకే. కాబట్టి బస్సు ఫ్రీ అనుకుని దూరంగా చవక హాస్టల్ తీసుకోవద్దు. ఆ రెండు నెలల కోసం ఆధార్‌లో అడ్రస్ మార్చుకునే తెలివితేటలు అసలే వద్దు.

మేనత్త ఇల్లు

అద్దె సున్నా, తిండి సున్నా, అమ్మానాన్నలకి టెన్షన్ సున్నా. కాగితం మీద దీన్ని కొట్టేది లేదు.

నేను మా దూరపు అత్తయ్య ఇంట్లో మూడు వారాలున్నాను. ఆవిడ బంగారం లాంటి మనిషి, అసలు చిక్కంతా అక్కడే. నేను ఆఫీసు నుంచి ఎనిమిదిన్నరకి వచ్చేదాన్ని. అందరూ ఏడున్నరకే తినేసేవాళ్లు, ఆవిడ మాత్రం నాకోసం కూర్చునేది. ఒకరోజు టీమ్‌వాళ్లు బిర్యానీ తినిపించారు, ఫోన్ చేసి చెప్పడం మర్చిపోయాను. ఇంటికెళ్లేసరికి బల్ల మీద రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. ఆ రాత్రి మళ్లీ తిన్నాను. పప్పు, వంకాయ వేపుడు, పెరుగన్నం, మొత్తం. ఆ మర్నాటి నుంచి ఆఫీసులో ఎవరు పిలిచినా "ఇంట్లో వెయిట్ చేస్తారు" అని వచ్చేసేదాన్ని. ఇంటర్న్‌షిప్‌లో పని నేర్చుకోవడం ఎంతో, నలుగురితో పరిచయం కావడం కూడా అంతే. ఆ మూడు వారాలూ నాకది జరగలేదు.

డబ్బు కూడా సున్నా కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి రానూపోనూ మెట్రోకి, చివర్లో ఆటోకి కలిపి రోజుకి నూట యాభై అనుకున్నా, 22 రోజులకి 3,300. వారానికోసారి పండ్లో స్వీట్లో పట్టుకెళ్లకుండా ఉండలేరు. ఆదివారం వాళ్లబ్బాయికి లెక్కలు చెప్పమంటే కాదనలేరు. దీన్ని నేను మొహమాటం బిల్లు అంటాను, ఏ యాప్‌లోనూ కనపడదు.

అయినా బంధువుల ఇల్లు పూర్తిగా వద్దనను. మొదటి నాలుగు రోజులకి దాన్ని మించింది లేదు. సామాను అక్కడ పెట్టి, కడుపు నిండా తిని, తీరిగ్గా హాస్టళ్లు చూసుకోవచ్చు. వెళ్లేముందే "అత్తయ్యా, నాలుగు రోజులుండి హాస్టల్‌కి మారిపోతాను" అని చెప్పేయండి. మధ్యలో చెప్తే వాళ్లకి ఏదో లోటు చేశామేమో అనిపిస్తుంది. ముందే చెప్తే ఏ గొడవా ఉండదు, ఆదివారం భోజనానికి ఎలాగూ పిలుస్తారు. ఇల్లు ఆఫీసుకి అరగంట లోపే ఉండి, ఇంటర్న్‌షిప్ నెలా నెలన్నరే అయితే అక్కడే ఉండిపోండి. అందరికీ అలా కుదరదు.

హాస్టల్: ఫోటో చూసి కాదు, సాంబారు చూసి

బెంగళూరులో పీజీ (పేయింగ్ గెస్ట్) అనేదాన్నే మనవాళ్లు హైదరాబాద్‌లో హాస్టల్ అంటారు. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. మూడు పూటలా తిండి, వైఫై, వాషింగ్ మెషిన్, అన్నీ అద్దెలోనే. నేను లెక్క కోసం త్రీ షేరింగ్‌కి నెలకి 8,000 అనుకుంటున్నాను. ఏరియాని బట్టి, ఏసీని బట్టి అటూ ఇటూ ఉంటుంది.

హాస్టల్‌లో నాకు నచ్చేది ఒకటే, వదిలేయడం తేలిక. అడ్వాన్స్ 2,000 నుంచి 5,000 మధ్య ఉంటుంది. అందులో మెయింటెనెన్స్ పేరుతో వెయ్యో పదిహేను వందలో పట్టుకుంటారు, మిగతాది ఇవ్వాలి. ఈ "ఇవ్వాలి" దగ్గరే అసలు కథ.

నేను ఖాళీ చేసిన రోజు మా హాస్టల్ ఆంటీ ఒక పాత కరెంటు బిల్లు తిరగేసి దాని మీద లెక్క రాసింది. అడ్వాన్స్ 3,000. మెయింటెనెన్స్ 1,000. నోటీసు నెల ముందు చెప్పాలి, నువ్వు 26 రోజుల ముందే చెప్పావు కాబట్టి ఇంకో 1,500. బకెట్ పగిలింది, 200. "ఇదిగో మూడొందలు, సరేనా అమ్మా" అంది. ఆ బకెట్ నేను చేరేటప్పటికే పగిలి ఉంది. నా దగ్గర ఫోటో లేదు. నోటీసు నోటితో చెప్పాను, తేదీకి రుజువు లేదు. ఆ మూడొందలు తీసుకుని, కింద ఆటోవాడికే ఇచ్చేశాను.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా ఇలా చెప్తున్నాను. అడ్వాన్స్ ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో పంపండి, నోట్‌లో "హాస్టల్ అడ్వాన్స్" అని రాయండి. చేరిన రోజే "అడ్వాన్స్ ఇంత, మెయింటెనెన్స్ కట్ ఇంత, నోటీసు ఇన్ని రోజులు, సరేనా అండీ" అని ఓనర్‌కి వాట్సాప్ పెట్టి "ఓకే" అనిపించుకోండి. గదిని, బాత్రూమ్‌ని, అల్మరాని ఒక నిమిషం వీడియో తీసి ఉంచుకోండి. మీరు వెళ్లే తేదీ ముందే తెలుసు కదా, రెండు నెలల ఇంటర్న్ అయితే చేరిన నెల చివరికే నోటీసు మెసేజ్ పడేయండి. చాలా హాస్టళ్లలో మధ్య తేదీల్లో ఖాళీ చేసినా నెల మొత్తం తీసుకుంటారు. చేరే తేదీ, వెళ్లే తేదీ దానికి తగ్గట్టు కుదుర్చుకోండి, లేకపోతే ఉన్న రోజులకే లెక్క కట్టించుకుంటారా అని ముందే అడగండి.

హాస్టల్ చూడ్డానికి మధ్యాహ్నం మూడింటికి వెళ్లకండి. ఆ టైములో ఏ హాస్టలైనా గుడిలా ప్రశాంతంగా ఉంటుంది. రాత్రి ఎనిమిదిన్నరకి, డిన్నర్ టైములో వెళ్లండి. సాంబారు బకెట్‌లో గరిటె ముంచితే ముక్క తగులుతుందో లేదో చూడండి. ఆలస్యంగా వచ్చినవాళ్లకి కూర మిగిలిందో లేదో చూడండి, ఎందుకంటే ఆలస్యంగా వచ్చేది రేపు మీరే. గోడ మీద మెనూ అందంగానే ఉంటుంది. బుధవారం గుడ్డు, ఆదివారం చికెన్. అక్కడ తింటున్న అమ్మాయిని "నిన్న ఏం పెట్టారు?" అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. "ఫుడ్ బాగుంటుందా?" అని అడగకండి, ఓనర్ వింటుంటే ఎవరైనా బాగుంటుందనే అంటారు.

తర్వాత మీకు ఇచ్చే బెడ్ చూపించమనండి. శాంపిల్ గది వద్దు, అదే గది, అదే బెడ్. దానికి ప్లగ్ పాయింట్ అందుతుందా, అల్మరాకి తాళం పడుతుందా, బెడ్ బాత్రూమ్ తలుపు పక్కన ఉందా. నాది బాత్రూమ్ పక్కన. ఐదింటికి లేచేవాళ్లతో పాటు నేనూ రోజూ ఐదింటికి లేచాను. ఏసీ గది అంటే ఏసీ ఏ టైము నుంచి ఏ టైము దాకా వేస్తారో అడగండి. ఎండాకాలం వచ్చేవాళ్లు కుళాయి తిప్పి చూసి, నీళ్లు బోరువా, మంజీరావా (అంటే ప్రభుత్వం సరఫరా చేసేవా), ట్యాంకర్ వారానికి ఎన్నిసార్లు వస్తుందో వాచ్‌మన్‌ని అడగండి. హైదరాబాద్ వచ్చిన ప్రతి అమ్మాయీ మొదటి నెలలో అనే మాట ఒకటుంది, "నీళ్లు పడక జుట్టు ఊడిపోతోంది" అని. దానికి నా దగ్గర మందు లేదు.

ఇంకొకటి. ఆఫీసుకి నడిచి వెళ్లగలిగే హాస్టల్ నెలకి పదిహేను వందలు ఎక్కువైనా నేను దానికే ఓటేస్తాను. ఆ డబ్బు ఎలాగూ ఆటోలకి పోయేదే, రోజుకి గంటన్నర మాత్రం మీకు మిగులుతుంది. ఆడపిల్లలైతే మెట్రో దిగాక హాస్టల్ గేటు దాకా ఉన్న దారిని ఒకసారి రాత్రి తొమ్మిదిన్నరకి నడిచి చూడండి. షాపులున్న వీధా, గోడల మధ్య సందా అన్నది పగలు తెలియదు. ఎవరైనా వెంటపడినా, ఇబ్బంది పెట్టినా ఆడవాళ్ల భద్రత కోసం తెలంగాణ పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. 100కి గానీ 112కి గానీ చేయండి.

కో-లివింగ్ అంటే

హాస్టలే, కొంచెం మేకప్ వేసుకుంటుంది. యాప్, బీన్ బ్యాగులు, వేలిముద్ర తలుపులు, కింద ఒక క్యారమ్ బోర్డు. అద్దె హాస్టల్ కన్నా ఎక్కువ, శుభ్రం కూడా చాలాచోట్ల ఎక్కువే, అది ఒప్పుకోవాలి. చూసుకోవాల్సింది లాక్-ఇన్. మూడు నెలలో ఆర్నెల్లో ఉంటానని అగ్రిమెంట్‌లో టిక్ పెట్టిస్తారు, ముందే వెళ్తే డిపాజిట్ పోతుంది. రెండు నెలల ఇంటర్న్‌కి ఇది పెద్ద గొయ్యి. ఇంకోటి, 2024 జూలై నుంచి ఉన్న నిబంధన ప్రకారం మనిషికి నెలకి 20,000 లోపు అద్దె, వరసగా కనీసం 90 రోజుల బస ఉంటేనే ఇలాంటి వసతికి జీఎస్టీ మినహాయింపు. తక్కువ రోజులుండేవాళ్లు యాప్‌లో కనిపించే రేటు మీద పన్ను పడుతుందేమో ముందే అడగాలి. కంపెనీ ఖర్చు పెట్టుకుంటే హాయిగా ఉండండి. సొంత డబ్బుతో అయితే నేను ఉండను.

నలుగురు కలిసి ఫ్లాట్: లెక్క వేద్దాం

ఫ్రెండ్స్‌తో ఫ్లాట్ అనగానే కళ్లముందు అర్ధరాత్రి మ్యాగీ, గట్టిగా పాటలు. మా చెల్లి కూడా అంతే, "హాస్టల్ కన్నా చవకక్కా, మేం లెక్కేశాం" అంది. సరే, ఆ లెక్క నేనూ వేశాను. నంబర్లు ఉదాహరణకి, మీ ఏరియా అంకెలు పెట్టుకుని మీరూ వేసుకోండి.

డబుల్ బెడ్‌రూమ్ అద్దె 24,000, నలుగురు. తలా 6,000. మెయింటెనెన్స్, కరెంటు, నెట్, గ్యాస్ కలిపి తలా 1,300. సరుకులు, పాలు, కూరగాయలు, వంటమనిషి కలిపి 4,000. నెలకి 11,300 అయింది. హాస్టల్ 8,000, పైన బయట టిఫిన్లకీ టీలకీ 2,000 వేసుకున్నా 10,000. ఇక్కడికే హాస్టల్ తక్కువ.

ఇప్పుడు పోయే డబ్బు. బ్రోకర్‌కి సగం నెల అద్దె, తలా 3,000. పరుపు, బకెట్లు, రైస్ కుక్కర్, స్టవ్, చీపురు దాకా తలా 4,000. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ చాలామంది ఓనర్ల అలవాటు, అది తలా 6,000. మొత్తం 13,000 తిరిగి రాదు. రెండు నెలలే ఉంటే అసలు ఖర్చు 35,600, అంటే నెలకి 17,800. హాస్టల్లో అదే రెండు నెలలకి, మెయింటెనెన్స్ వెయ్యి పోయినా 21,000. ఆర్నెల్లు ఉంటే ఫ్లాట్ నెలకి 13,500 దగ్గరికి దిగుతుంది, హాస్టల్ 10,200 దగ్గర ఉంటుంది. ఏడాది ఉన్నా ఫ్లాట్ 12,400. డబ్బు మిగులుతుందని ఫ్లాట్ తీసుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. తిండి నచ్చకో, గది ఇరుకనిపించో, రాత్రిళ్లు పనుండో తీసుకుంటే అది వేరు, దానికి డబ్బు పెట్టొచ్చు.

మొదటి రోజు చేతిలో ఉండాల్సిన డబ్బు ఇంకో తలనొప్పి. రెండు నెలల అడ్వాన్స్ తలా 12,000, మొదటి అద్దె 6,000, బ్రోకర్, సామాన్లు కలిపి 25,000. స్టైపెండ్ 15,000 అయినా అది నెల అయ్యాకే పడుతుంది. కొన్నిచోట్ల బ్యాంక్ వివరాలు ఆలస్యంగా ఎక్కి రెండు నెలలదీ ఒకేసారి వేస్తారు. హాస్టల్‌కైతే 11,000తో దిగిపోవచ్చు.

అగ్రిమెంట్ పదకొండు నెలలకి రాస్తారు. ఏడాది దాటిన లీజుకి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చూ శ్రమా తప్పించుకోవడానికే ఆ పదకొండు. మీరుండేది రెండు నెలలు, సంతకం పెట్టేది పదకొండుకి. మధ్యలో వెళ్తే అడ్వాన్స్ సంగతేంటో అందులో ఒక లైను ఉంటుంది. ఆ లైను చదవకుండా సంతకం పెట్టకండి. నలుగురిలో సంతకం ఎవరు పెడితే ఓనర్ పట్టుకునేది వాళ్లనే. మిగతా ముగ్గురూ ఎంత మంచి ఫ్రెండ్సయినా, జూన్‌లో కాలేజీ వైవా ఉందని ఊరెళ్లిపోయాక పెయింటింగ్ డబ్బులకి ఫోన్ ఎత్తరు. ఇది నేను చూసిందే, పేర్లు చెప్పను, ఇప్పటికీ మాట్లాడుకుంటున్నాం.

ఇక "బ్యాచిలర్స్‌కి ఇవ్వం" అనే బోర్డుల గురించి చెప్పక్కర్లేదు. ఆడపిల్లలకి కాస్త త్వరగా దొరుకుతుంది, కానీ ప్రశ్నలు ఎక్కువ. ఎవరొస్తారు, ఎన్నింటికొస్తారు, నాన్నగారి నంబరు ఇవ్వండి.

ఖాళీ అయిన బెడ్

ఫ్లాటే కావాలనుకునే ఇంటర్న్‌కి నేను గట్టిగా చెప్పేది ఇదే, కొత్త ఫ్లాట్ తీసుకోకండి, నడుస్తున్న ఫ్లాట్‌లో ఖాళీ అయిన బెడ్ పట్టుకోండి. హైదరాబాద్‌లో ప్రతి నెలా ఎవరో ఒకరు ఉద్యోగం మారుతుంటారు, పెళ్లి చేసుకుంటుంటారు, అమెరికా వెళ్తుంటారు. మిగిలిన ముగ్గురికి నాలుగో మనిషి అర్జెంటుగా కావాలి. స్టవ్ ఉంది, ఫ్రిజ్ ఉంది, వంటావిడ ఉంది, ఉప్పు డబ్బాలో ఉప్పు కూడా ఉంది. బ్రోకర్ ఉండడు. వెళ్లిపోయేవాళ్ల అడ్వాన్స్ వాటా మీరిస్తారు, మీరు వెళ్లేటప్పుడు తర్వాత వచ్చేవాళ్లు మీకిస్తారు. ఒక పరుపు, దిండు కొనుక్కుంటే చాలు, 1,500. పై లెక్కలోనే వేస్తే ఆర్నెల్లకి నెలకి 11,550. హాస్టల్ కన్నా కొంచెం ఎక్కువ, కొత్త ఫ్లాట్ కన్నా రెండు వేలు తక్కువ.

దీనికీ ఒక మెలిక ఉంది. మీ తర్వాత మనిషి దొరకకపోతే అడ్వాన్స్ ఇరుక్కుంటుంది. అందుకే "ఎవరూ దొరక్కపోయినా ఫలానా తేదీకి నా డబ్బులు ఇచ్చేయాలి" అని ముగ్గురూ ఉన్న వాట్సాప్ గ్రూపులో రాయించుకోండి. పెయింటింగ్ కోత పడితే ఎవరెంత భరించాలో కూడా అక్కడే. ఇవి అడగడానికి చిన్నతనంగా ఉంటుంది. నెల తర్వాత అడిగితే ఇంకా చిన్నతనంగా ఉంటుంది.

ఇలాంటి బెడ్‌లు కాకినాడలో కూర్చుంటే దొరకవు. ఆఫీసులో చేరాక, పక్క సీటు అబ్బాయి "మా ఫ్లాట్‌లో ఒకడు వెళ్తున్నాడు" అంటే దొరుకుతాయి. అందుకే మా తమ్ముడికి చెప్పింది, మొదటి నెల ఆఫీసు పక్కన హాస్టల్, ఆ నెలలో బెడ్ వెతుక్కోవడం, ఫిబ్రవరిలో మారడం. వాడు మార్చిలో మారాడు, ఎందుకంటే హాస్టల్‌కి నోటీసు ఇవ్వడం మర్చిపోయాడు. తమ్ముళ్లు అంతే.

శని ఆదివారాలు ఊరెళ్లేవాళ్లకి ఒక ముక్క. గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వస్తుంది. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఉండే గోదావరివాళ్లు సికింద్రాబాద్‌లో దిగి ఆటోలతో బేరమాడక్కర్లేదు, నిద్రపోతూ లింగంపల్లి వచ్చేయొచ్చు. అదే మీ రైలు చర్లపల్లిలో ఆగిపోయేదైతే జాగ్రత్త. 2025 జనవరిలో మొదలైన ఆ కొత్త టెర్మినల్ ఊరికి తూర్పు చివర ఉంది, ఐటీ ఆఫీసులు పడమటి చివర. సోమవారం పొద్దున అక్కడ దిగి తొమ్మిదింటికి ఆఫీసులో ఉంటానని మేనేజర్‌కి మాటివ్వకండి.

ఇంటర్న్‌షిప్ ఇప్పించడానికి మీ దగ్గరే డబ్బులు అడిగే చోట ఈ లెక్కలేవీ అక్కర్లేదు, అక్కడ చేరొద్దు.

చెల్లికి చివరికి నేను చెప్పిన వరస ఇది. నాలుగు రోజులు మేనత్త ఇల్లు, ఆ నాలుగు రోజుల్లో రెండు సాయంత్రాలు హాస్టళ్లు చూడ్డం, ఆఫీసుకి నడిచి వెళ్లేంత దూరంలో త్రీ షేరింగ్, ఫ్లాట్ ఊసే వద్దు. వాళ్ల నాన్నకి నేనే ఫోన్ చేశాను. "బాబాయ్, ఆదివారం ఆదివారం అత్తయ్య దగ్గరికి పంపిస్తాను" అన్నాక ఒప్పుకున్నారు.

నిన్న సాయంత్రం మళ్లీ ఫోన్. "అక్కా, మాదాపూర్‌లో ఒకటి నచ్చింది. సాంబారులో ములక్కాడ ముక్క కూడా తగిలింది. కిటికీ పక్క బెడ్ ఇస్తామన్నారు, కానీ ప్లగ్ పాయింట్ అవతలి గోడకుంది. తీసుకోనా?"

తీసుకో అన్నాను. మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి కొనుక్కోమన్నాను.